శుక్రవారం గుప్పెడు

బ్యూలాకి వచ్చిన కష్టమేమిటంటే, పిల్లలు బియ్యం వేస్తున్నారు గానీ ఎవరికి వేస్తున్నారో వాళ్ళకి తెలీదు.

మా బళ్ళో మిగతా టీచర్లెవరికీ అది కష్టంగా తోచలేదు. నాకసలే తోచలేదు. బ్యూలాకి తోచింది. కొత్తగా చేరిన పిల్ల, దేవుడంటే ప్రాణం పెట్టే పిల్ల. ఏ పని చూసినా దీన్ని ఇంకాస్త బాగా చెయ్యొచ్చు కదా అనిపించే వయసు.

మాది మిషన్ బడి. కొత్తమడ ఊరి చివర, రొయ్యల చెరువులకి ఇవతల, రెండు పెంకుటిళ్ళూ ఒక వరండా. అయిదో తరగతి దాకా ఉంది. నేను రెండో తరగతికి చెప్తాను. బ్యూలా మూడో తరగతికి. మా హెడ్మిస్ట్రెస్ దీవెనమ్మగారు. బ్యూలా చిన్నప్పుడు ఆవిడ దగ్గరే అక్షరాలు దిద్దింది, ఆవిడ చెయ్యి పట్టుకునే ప్రార్థన నేర్చుకుంది. చదువైపోయాక వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చినా కాదని, అమ్మగారి దగ్గరే పనిచేస్తానని తిరిగొచ్చింది. ఆవిడ ఎలా నడిస్తే అలా నడిచేది, కొంగు కూడా ఆవిడలాగే దోపుకునేది. చూసి నేను ఏడిపించేదాన్ని.

ఇక బియ్యం సంగతి. మా ఇళ్ళల్లో ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు ఆడవాళ్ళు ఒక గుప్పెడు తీసి పక్కన కుండలో వేస్తారు. వారమంతా అలా పోగైనవి ఆదివారం గుళ్ళో ఇస్తారు. మా అమ్మ వేసేది, ఇప్పుడు నేనూ వేస్తాను. దీవెనమ్మగారు ఆ అలవాటుని బళ్ళోకి తెచ్చారు. శుక్రవారం పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలు వరసగా వచ్చి, వరండాలో ఉన్న కుండలో తలా ఒక గుప్పెడు బియ్యం వేసి క్లాసుకి పోవాలి.

ఆ కుండ మూతికి ఆవిడ మందపాటి గుడ్డ కట్టి, మధ్యలో పిల్లల చెయ్యి దూరేంత చీలిక పెట్టారు. చెయ్యి లోపల పెట్టాలి, గుప్పిట విప్పాలి, బయటికి తీసుకోవాలి. ఎవరు ఎంత వేశారో పక్కనున్న వాళ్ళకి కూడా కనపడదు. సాయంత్రం బడి వదిలాక ఆ బియ్యం సంచిలో పోసుకుని, పైన కొంగు కప్పుకుని ఆవిడ ఒక్కరే వెళ్ళేవారు. ఎక్కడికని మేం అడిగేవాళ్ళం కాదు. అడిగినా చెప్పరు.

బ్యూలా ఆ కుండ పక్కన నిలబడి, నిలబడి, గింజలు రాలే చప్పుడు వింటూ ఒక విషయం కనిపెట్టింది. తిన్నగా ఆఫీసు గదిలోకి వెళ్ళింది. నేను హాజరు పట్టీ కోసం అక్కడే ఉన్నాను.

"అమ్మగారూ, కొంతమంది ఉత్త గుప్పిట పెడుతున్నారండీ."

"తెలుసమ్మా," అన్నారు దీవెనమ్మగారు.

"అది అబద్ధం కదండీ? దేవుడి ఎదుట అబద్ధమాడ్డం ఇప్పుడే అలవాటైతే ఎలాగండీ? ఆ గుడ్డ తీసేస్తే సరిపోద్ది."

దీవెనమ్మగారు సుద్దముక్కల డబ్బాకి మూత పెట్టారు. "ఎండ ముదురుతోంది, పిల్లల్ని లోపల కూర్చోబెట్టు," అన్నారు.

అంతే ఆవిడ జవాబు. బ్యూలా బయటికొచ్చి, "అమ్మగారికి వినపడలేదేమో అక్కా," అంది నాతో. వినపడకేం, బ్రహ్మాండంగా వినపడింది. చెప్పినా ఆ పిల్లకి ఎక్కే రోజు కాదు అది, నేను ఊరుకున్నాను.

తరవాత కొన్నాళ్ళకి దీవెనమ్మగారు కంటి ఆపరేషన్‌కి పట్నం వెళ్ళాల్సొచ్చింది. వెళ్ళేముందు బ్యూలాని పిలిచి శుక్రవారం బియ్యం అప్పగించారు.

"ఐసు ఫ్యాక్టరీ వెనక నీలం తలుపులిల్లు. వీధివైపు వెళ్ళకు, దొడ్డివైపు వెళ్ళు. చీకటి పడే వేళకి వెళ్ళు. సంచి అరుగు మీద పెట్టి, వందనాలమ్మా అని చెప్పి వచ్చెయ్. కూర్చోకు. ఏమీ అడక్కు."

"ఎవరిల్లండీ అది?"

"నీకెందుకమ్మా, చెప్పినట్టు చేసిరా," అన్నారు ఆవిడ.

బ్యూలా చెప్పినట్టే వెళ్ళింది. దొడ్డి తలుపు తీసింది ఆ ఇంటావిడ రాహేలు. ఆవిడ వెనక, పొయ్యి దగ్గర కూర్చుని పుస్తకం చదువుకుంటున్నది కెజియా. బ్యూలా క్లాసులో ముందు వరసలో కూర్చునే కెజియా. ఎక్కాలు అందరికంటే ముందు ఒప్పజెప్పే పిల్ల, పాట ఎత్తుకుంటే బడంతా ఆగి వినే పిల్ల. తండ్రి యోనా కొబ్బరికాయలు దింపే పని చేసేవాడు. చెట్టు మీంచి పడి నడుం పోయి మంచాన ఉన్నాడు. తల్లి రాహేలు చేపలు ఎండబెట్టే దగ్గర కూలికి పోయేది, పని ఉన్న రోజు ఉండేది, లేని రోజు లేదు. ఈ సంగతులేవీ బ్యూలాకి అంతవరకూ తెలీవు. ఆ పిల్ల ఎప్పుడూ శుభ్రంగా వచ్చేది, మొహాన దిగులు కనపడనిచ్చేది కాదు.

మర్నాడు బ్యూలా మా ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చింది. నిజంగా ఏడ్చింది, నటన కాదు. "నా క్లాసులో పిల్ల అక్కా. ఆకలితో వచ్చి కూర్చునుంటుంది నా ఎదురుగా. నేను ఎక్కాలు అడుగుతున్నా," అంది. మంచి మనసు ఆ పిల్లది. ఆ మనసుతోనే చేసింది తరవాత చేసిందంతా.

కళ్ళు తుడుచుకున్నాక అంది, "పిల్లలకి ఒక్కసారి చూపించాలక్కా. వాళ్ళేసే గుప్పెడు ఎవరి ఆకలి తీరుస్తుందో కళ్ళతో చూస్తే ఎంత ప్రేమ పుడుతుంది వాళ్ళకి. ఉత్త గుప్పిట ఇంకెవరూ పెట్టరు."

"అమ్మగారు రానీ, అడిగి చెయ్యి," అన్నాను.

"ఆవిడ వచ్చేసరికి చేసి చూపిస్తా. సంతోషిస్తారు."

"బ్యూలా, వద్దే."

"నువ్వన్నిటికీ భయపడతావక్కా," అని నవ్వి వెళ్ళిపోయింది.

శుక్రవారం వచ్చింది. కుండ మీద గుడ్డ లేదు. బ్యూలా విప్పేసింది. రాహేలుకి ముందురోజే కబురు పెట్టింది, టీచరమ్మ రమ్మంటోందని. ఎందుకో చెప్పలేదు. రాహేలు ఏమనుకుందంటే, కూతురు బాగా చదువుతుంది కదా, ఏదో బహుమానం ఇవ్వడానికి పిలిచారనుకుంది. తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పని మానుకుని వచ్చింది. వరండా పక్కన నిలబడి కెజియాని చూసి నవ్వింది. కెజియా కూడా నవ్వింది.

ప్రార్థన అయ్యింది. బ్యూలా ముందుకొచ్చి రాహేలు చెయ్యి పట్టుకుని పిల్లల ఎదురుగా నిలబెట్టింది.

"పిల్లలూ, మీరు ప్రతి శుక్రవారం ఇచ్చే బియ్యం ఎవరింటికి వెళ్తుందో ఇవాళ చూడండి. ఈ అమ్మ ఇంట్లో మీ వల్లే పొయ్యి వెలుగుతోంది. ఇవాళ కుండలో వద్దు, ఈ అమ్మ కొంగులో వెయ్యండి, మీ చేత్తో." రాహేలు వైపు తిరిగి, "కొంగు పట్టమ్మా," అంది.

రాహేలు పట్టుకుంది. ఏం చేస్తుంది మరి, టీచరు చెప్తే? పట్టకపోతే పిల్లని చూసే చూపు మారుద్దేమోనని భయం. కొంగు రెండు అంచులూ చేతుల్లో పట్టుకుని నేలవైపు చూస్తూ నిలబడింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి వేస్తున్నారు. బ్యూలా మొహం వెలిగిపోతోంది.

నేను వెనకాల చిన్నపిల్లల వరసలో ఉన్నాను. ఇదేంటి ఇదేంటి అనుకుంటూ, వాళ్ళని తప్పించుకుని ముందుకి వచ్చేలోపు కెజియా వంతు వచ్చేసింది.

వరసలో అందరితోపాటు అదీ నిలబడింది పాపం. పక్కకి తప్పుకోవాలని దానికి తోచలేదు, తప్పుకోమని ఎవరూ చెప్పలేదు. తల్లి ఎదురుగా వచ్చి ఆగింది. గుప్పిట బిగించే ఉంది. కుండకి గుడ్డ ఉన్నప్పుడు ఎలా చేసేదో అలాగే, ఆ గుప్పిటని తల్లి కొంగులో పెట్టి విప్పింది. ఒక్క గింజ రాలలేదు. అందరూ చూశారు. వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ నవ్వు వెనక్కి పాకింది.

రాహేలు కూతురి మొహం చూడలేదు. కూతురు తల్లి మొహం చూడలేదు.

బ్యూలాకి అప్పుడైనా అర్థం కావద్దూ? కాలేదు. ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి తియ్యగా, "కెజియా, ఫ్రెండ్స్ అందరికీ థాంక్స్ చెప్పమ్మా," అంది.

కెజియా చెప్పింది. గొంతు బాగానే వినపడింది. పాట పాడే గొంతు కదా, బడంతా వినపడింది.

సోమవారం పొద్దున నేను వచ్చేసరికి వరండాలో బియ్యం మూట ఉంది. పాత గుడ్డలో కట్టి, మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది రాహేలు. కెజియా బడికి రాలేదు. మర్నాడూ రాలేదు.

బ్యూలా వాళ్ళింటికి వెళ్ళింది. పిల్లకి కొత్త గౌను ఒకటి కొని పట్టుకెళ్ళింది. రాహేలు గుమ్మంలోనే నిలబడి, "మా పిల్లకి బట్టలున్నయ్యమ్మా," అని తలుపు దగ్గరికేసింది. రెండోసారి పప్పూ నూనే పట్టుకెళ్ళింది. ఈసారి రాహేలు తలుపు వెయ్యలేదు, అరవలేదు, తిట్టలేదు. మామూలుగా చెప్పింది.

"ఆదివారం మా అక్క వచ్చుద్దమ్మా. పిల్లని తీసకపోద్ది. వాళ్ళ ఊళ్ళో రొయ్యల షెడ్డు ఉంది, తలకాయలు తీసే పని. చిన్న చేతులైతే చకచకా తీస్తయ్యంట. మీరు కష్టపడి ఇంతదూరం రాబాకండి."

బ్యూలా ఆ పప్పూ నూనే పట్టుకుని వెనక్కొచ్చింది. అప్పటికి కూడా దాని మనసులో, నేను మంచే చేశాను, ఆవిడే పొరబాటు పడింది, అన్న మాట ఏదో మూల ఉంది. ఉందని తనే తరవాత నాతో ఒప్పుకుంది.

ఆ మాట పోయింది మర్నాడు మధ్యాహ్నం. అన్నాలు తిన్నాక పిల్లలు పెరట్లో ఆడుకుంటున్నారు. కొత్త ఆట ఏదో ఆడుతున్నారు, చుట్టూ గుంపు చేరింది. బ్యూలా ఏమిటా అని చూడబోయింది. నడిమిట్లో ఒక పిల్ల గౌను అంచు రెండు చేతుల్తో పట్టుకుని తల దించుకుని నిలబడింది. మిగతా వాళ్ళు వరసగా వచ్చి అందులో ఇసక పోస్తున్నారు. ఇంకో పిల్ల పక్కన నిలబడి దాని భుజం మీద చెయ్యేసి తియ్యగా అంటోంది. "థాంక్స్ చెప్పమ్మా. అందరికీ థాంక్స్ చెప్పమ్మా."

అచ్చం బ్యూలా గొంతే. ఆ మెడ వంపూ, ఆ నవ్వూ. పిల్లలు పట్టేస్తారు కదండీ, ఒక్కటి వదలరు.

బ్యూలా మొహం అప్పుడు చూడాలి. తిట్టడానికి నోరు తెరిచి, ఏమని తిట్టాలో తెలీక మూసుకుంది. లోపలికొచ్చి బల్ల మీద తల పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టినా లేవలేదు. దాని క్లాసు నేనే చూసుకున్నాను. సాయంత్రం దాకా నాతో ఒకటే మాట అంది. "సిగ్గుతో చచ్చిపోతున్నానక్కా." నాకు దాని మీద ఉన్న కోపమంతా పోయింది ఆ మాటతో. ఓదార్చాలనిపించింది గానీ ఓదార్చలేదు. సిగ్గుపడాల్సిన పనే చేసింది కదా, పడనీ అనుకున్నాను.

శుక్రవారం దీవెనమ్మగారు వచ్చారు. కంటికి నల్లద్దాలు. వరండా ఎక్కుతూనే కుండ దగ్గర ఆగారు. గుడ్డ లేదని చేత్తో తడిమి చూసుకున్నారు. బ్యూలా పరిగెత్తుకెళ్ళి, ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. ఉత్త గుప్పిట సంగతి చెప్పింది. పెరట్లో ఆట సంగతి కూడా చెప్పింది.

దీవెనమ్మగారు అంతా విన్నారు. తన సంచిలోంచి పాత తువ్వాలు తీసి, మధ్యలో చీలిక పెట్టి, కుండ మూతికి చుట్టారు. కన్ను సరిగ్గా ఆనక ముడి పడట్లేదు. "ఇక్కడ వేలు పెట్టి పట్టుకో," అన్నారు బ్యూలాతో. బ్యూలా పట్టుకుంటే ముడి వేశారు.

"మీరొచ్చి రాహేలుతో చెప్పండమ్మగారూ. నన్ను క్షమించమని మీరు చెప్తే వింటది. ఎల్లుండే వాళ్ళక్క వచ్చేది. పిల్ల వెళ్ళిపోద్దండీ," అంది బ్యూలా.

"రేపు మధ్యాహ్నం వెళ్దాం," అన్నారు దీవెనమ్మగారు. "పొద్దున్నించి నువ్వేమీ తినకు."

బ్యూలా ప్రాణం లేచొచ్చింది. నా దగ్గరికొచ్చి, "ఉపవాస ప్రార్థన పెట్టారక్కా," అంది. రాహేలుకి ఏం చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ క్షమించమనాలో మాటలన్నీ కూర్చుకుని మనసులో అప్పజెప్పుకుంది.

ఆ ఇంట్లో జరిగింది నేను చూడలేదు. బ్యూలా చెప్పింది. ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు.

శనివారం మిట్టమధ్యాహ్నం దీవెనమ్మగారు బ్యూలా భుజం పట్టుకుని బయల్దేరారు. బ్యూలా చేతిలో సంచి ఉంది. రొట్టె, అరటిపళ్ళు, మంచాన ఉన్న యోనాకి హార్లిక్సు. ఐసు ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వచ్చాక దీవెనమ్మగారు ఆగారు.

"ఆ సంచి ఈ గోడ పక్కన పెట్టెయ్."

"కుక్కలు తినేస్తాయండీ."

"తిననీ."

బ్యూలా పెట్టేసింది. దొడ్డివైపు తిరగబోయింది. దీవెనమ్మగారు భుజం మీద చెయ్యి నొక్కి వీధివైపు తిప్పారు. ఎదురుగా కుళాయి, నీళ్ళ కోసం బిందెలు పెట్టుకుని ఆడవాళ్ళు. అందరూ తిరిగి చూశారు. బళ్ళో కొంగు పట్టించిన టీచరు ఈవిడేనని వాళ్ళకి తెలుసు. బ్యూలా తల వంచుకుని నడిచింది.

నీలం తలుపు ముందు దీవెనమ్మగారు నిలబడి పిలిచారు. మెల్లిగా కాదు, కుళాయి దగ్గరికి వినపడేట్టు.

"రాహేలూ, ఇంట్లో ఉన్నావామ్మా?"

తలుపు తెరుచుకుంది. రాహేలు ముందు ఆవిడ నల్లద్దాలు చూసింది, తరవాత పక్కనున్న బ్యూలాని చూసింది. మొహం గట్టిపడింది. "వందనాలమ్మగారూ," అంది, దారి ఇవ్వకుండా.

బ్యూలా కూర్చుకున్న మాటలు గొంతు దాకా వచ్చాయి. నోరు తెరవబోయేలోపు దీవెనమ్మగారు అందుకున్నారు.

"ఆకలేస్తోందమ్మా. ఖాళీ కడుపు మీద మందులు పడట్లేదు. ఈ పిల్ల కూడా పొద్దున్నించీ ఏమీ తినలేదు. కాస్త అన్నం పెడతావా?"

రాహేలు అలాగే నిలబడింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాటలాపారు. బిందె నిండి పొర్లిపోతున్నా ఎవరూ తియ్యలేదు.

"మా ఇంట్లో ఏం తింటారమ్మగారూ. మీ బియ్యం కూడా వద్దని పంపించేశా," అంది రాహేలు చివరికి.

"ఆ బియ్యం సంగతి అడగలా. నీ గిన్నెలో ఉందేమోనని అడిగా. లేకపోతే లేదను, వెళ్ళిపోతాం. నేనేం అనుకోను."

ఎవరింటి ముందూ అలా నిలబడలేదు బ్యూలా, పుట్టి బుద్ధెరిగాక. లేదంటే లేదని తిరిగి వెళ్ళాలి, ఆ కుళాయి మీదుగానే వెళ్ళాలి. పెడతానంటే తినాలి. ఈ రెంటిలో ఏది ఎక్కువ కష్టమో తేల్చుకోలేకపోయానక్కా అంది.

రాహేలు దీవెనమ్మగారి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆవిడ నవ్వట్లేదు, బతిమాలట్లేదు. నిజంగానే ఆకలిగా ఉన్న మనిషిలా ఉన్నారు.

"పచ్చడే ఉంది," అంది రాహేలు.

"పచ్చడే వెయ్యి."

రాహేలు పక్కకి తప్పుకుంది.

ఒక్కటే గది. మంచం మీద యోనా లేవబోయి లేవలేక, "రండమ్మగారూ, కూర్చోండి," అన్నాడు. రాహేలు చాప పరిచింది. స్టీలు కంచం ఒకటి, సత్తు కంచం ఒకటి కడిగి పెట్టింది. గిన్నె మూత తీసి అన్నం వడ్డించింది. గోంగూర పచ్చడి వేసింది. కెజియా ఎక్కడా కనపడలేదు. తలుపు వెనక గౌను అంచు మాత్రం కనపడింది బ్యూలాకి.

బ్యూలా అలవాటు కొద్దీ చేతులు జోడించి ప్రార్థన ఎత్తుకోబోయింది. దీవెనమ్మగారు దాని చేతి మీద చెయ్యి వేసి ఆపి, మంచం వైపు తిరిగారు. "ఇంటాయనవి నువ్వున్నావుగా. నువ్వు చెయ్యి యోనా."

యోనా ఇబ్బందిగా కదిలాడు. మంచాన పడ్డాక తనని ఎవరూ ఏ పనీ అడగలేదు. కాసేపు గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"తండ్రీ, మా ఇంటికి ఆకలితో వచ్చిన వాళ్ళ కడుపు నింపు. ఆమెన్."

దీవెనమ్మగారు ఆమెన్ అని తినడం మొదలుపెట్టారు. బ్యూలా ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. దిగలేదు. ఈ గిన్నెలో అన్నం అయిపోతే వీళ్ళు సాయంత్రం ఏం తింటారు అన్నదొకటే బుర్రలో తిరుగుతోంది. కళ్ళలోంచి నీళ్ళు కారి కంచంలో పడుతున్నాయి. తుడుచుకుంటే రాహేలు చూస్తుందని తుడుచుకోలేదు. ఎలాగో నాలుగు ముద్దలు మింగింది. రాహేలు గరిటెతో మళ్ళీ అన్నం తెచ్చింది. బ్యూలా గబుక్కున కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

"వద్దమ్మా, చాలు. చాలండీ. మీకు ఉంచుకోండి."

రాహేలు చేతిలో గరిటె ఆగిపోయింది. గుమ్మంలో చూసినప్పుడు ఎలా గట్టిపడిందో, ఆ మొహం మళ్ళీ అలాగే అయిపోయింది. గరిటె వెనక్కి తీసుకుంది.

దీవెనమ్మగారు తల ఎత్తలేదు. పచ్చడి కలుపుకుంటూ, బ్యూలాకి మాత్రమే వినపడేట్టు అన్నారు.

"ఇంకొంచెం అడుగు."

బ్యూలా కంచం మీద పెట్టిన తన చేతిని చూసుకుంది. అది తియ్యడానికి ఎంతసేపు పట్టిందో తనకే తెలీదంది. నా జన్మలో అంత బరువైనది ఎత్తలేదక్కా అంది. చెయ్యి తీసి, కంచం రెండు చేతుల్తో పట్టుకుని, ముందుకి చాపింది. రాహేలు వైపు కాదు. తలుపు వైపు.

"కెజియా," అంది. మళ్ళీ పిలిచింది. "కెజియా, ఆకలిగా ఉందమ్మా. ఇంకొంచెం పెడతావా?"

తలుపు వెనకనించి కెజియా బయటికొచ్చింది. టీచరు చాపిన కంచం చూసింది, తల్లిని చూసింది. ఆ పిల్ల నెమ్మదిగా వచ్చి తల్లి చేతిలో గరిటె తీసుకుంది. గిన్నె వంచి, అడుగున గీకి, గరిటెతో కాస్త అన్నం తీసి, కింద పడకుండా జాగ్రత్తగా కంచంలో వేసింది.

రాహేలు అది చూస్తూ నిలబడింది. కొంగుతో మొహం తుడుచుకుంది. వెళ్ళి పచ్చడి గిన్నె తెచ్చి కూతురి చేతికిచ్చింది.

"ఆ వేసేదేదో నిండా వెయ్యవే," అంది. "సోమవారం నీకు పాఠాలు చెప్పే ఓపికుండొద్దూ ఆవిడకి."

బ్యూలా తల వంచుకుని, కంచంలో మెతుకు మిగలకుండా తింది.